దాత వచ్చేదాకా నిలబెట్టినవాళ్లు

న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లోని సెయింట్ బ్రిజిడ్స్ చర్చి కథ ఎవరు చెప్పినా అజ్ఞాత దాత దగ్గరే మొదలుపెడతారు. 2008లో పేరు చెప్పని ఒక మనిషి 2 కోట్ల డాలర్లు ఇచ్చాడు, చర్చి బతికింది. నిజమే. కానీ అప్పటికి ఇవ్వడానికంటూ ఒక చర్చి మిగిలి ఉండటం వెనక పేట జనం ఏళ్ల తరబడి పడ్డ పాట్లు ఉన్నాయి.

1848లో కట్టిన చర్చి అది. బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువు వస్తే ఐర్లండ్ వదిలి వచ్చినవాళ్ల చర్చి. నక్షా గీసిన ప్యాట్రిక్ కీలీ కూడా ఐర్లండ్ నుంచి వచ్చినవాడే. దగ్గర్లోని రేవుల్లో ఓడలు కట్టే వడ్రంగులు ఇందులో పనిచేశారని పేటలో చెప్పుకుంటారు. కాలక్రమంలో ఐరిష్ కుటుంబాలు వేరేచోట్లకు తరలిపోయాయి, ఆ బల్లల మీద ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్లు కూర్చున్నారు. చివరికి చర్చి కోసం పోరాడినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. కట్టినవాళ్ల వారసులు కాకపోయినా!

వెనక గోడ బీటలిచ్చిందని 2001లో తలుపులు మూశారు. పూజలు పక్కనున్న బడిలోకి మారాయి. 2004లో ఆ విచారణనే (పారిష్‌నే) రద్దుచేశారు. విశ్వాసులు, ఇరుగుపొరుగు కలిసి కమిటీ కట్టారు, చందాలు పోగుచేశారు, కోర్టుకెక్కారు.

2006 జులైలో కూల్చే పని మొదలైంది. రంగుటద్దాల కిటికీలు పగిలాయి, వెనక గోడకు కన్నం పడింది. కోర్టు స్టే రావడంతో పని ఆగింది. పాత కట్టడాన్ని కాపాడే పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. డబ్బు రెండేళ్లు ఆలస్యమైనా ఫరవాలేదు, కోర్టు కాగితం మాత్రం ఒక్కరోజు ఆలస్యం కాకూడదు.

దాత ఇచ్చిన దాంట్లో కోటి డాలర్లు మరమ్మతులకు, 20 లక్షలు విచారణ నిధికి, మిగతాది బడికీ ఇతర అవసరాలకూ వెళ్లింది. 2013 జనవరిలో చర్చి మళ్లీ తెరుచుకుంది. పగిలినవాటి స్థానంలో హార్లెమ్‌లో మూతపడిన సెయింట్ థామస్ ది అపాసల్ చర్చి కిటికీలు తెచ్చి బిగించారు. అక్కడి విశ్వాసులూ తమ చర్చి కోసం పోరాడినవాళ్లే. ఈ సంగతి తలుచుకోకుండా సెయింట్ బ్రిజిడ్స్ గెలుపును మెచ్చుకోవడం న్యాయం కాదు.

న్యూయార్క్ వెళ్లే తెలుగువాళ్లు టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కుకు తూర్పున, అవెన్యూ బి మీదికి వెళ్లి ఈ చర్చిని చూడండి. తలెత్తి గోపురాల కోసం వెతక్కండి, వాటిని 1962లోనే తీసేశారు.