కల ఒకటి, కర్తలు ఇద్దరు

చిత్రము చూచి వచ్చినవారు చిత్రమును గూర్చి గాక, దానిని తీసినవారి జీవితములను గూర్చి ముచ్చటించుకొనుట మన చెన్నపురి తెలుగు కుటుంబములలో పాత అలవాటు. కోడంబాకము, వడపళని స్టూడియోలు ఒకప్పుడు మనకు ఇరుగుపొరుగులై యుండుటచే ఈ అలవాటు మనకు మరింత అబ్బినది. కర్త నడవడిని బట్టి కృతికి వెల కట్టుట న్యాయమేనా? ఈ ప్రశ్నకు కలవంటి చిత్రములే మంచి గీటురాళ్లు. వానిలో కర్త మనస్సు తక్కినవానిలోకంటె నగ్నముగా కనబడునని లోకము తలచుచున్నది గదా!

1929లో లూయీ బున్యుయేల్, సాల్వడార్ డాలీ అను ఇద్దరు స్పెయిన్ దేశపు యువకులు ఫ్రాన్సులో ‘ఆండలూసియా కుక్క’ అను మూకీ చిత్రమును నిర్మించిరి. అధివాస్తవిక చిత్రములలో దీనికి పెద్దపీట. చంద్రుని కోయు మేఘము, కంటిని కోయు మంగలికత్తి బున్యుయేల్ కన్న కల. అరచేత క్రిక్కిరిసిన చీమలు డాలీ కన్న కల. హేతువునకు లొంగు దృశ్యము ఒక్కటియు ఉండరాదని ఇద్దరును నియమము పెట్టుకొనిరి. పిదప వారి దారులు వేరైనవి. డాలీ నియంతయగు ఫ్రాంకోను పొగడెను. బున్యుయేల్ అంతర్యుద్ధకాలమున స్వదేశము విడిచి, తుదకు మెక్సికోలో స్థిరపడెను. జీవితమే కొలబద్ద యగునేని, ఆ చిత్రమున ఏ సగమును ఉంచి, ఏ సగమును కత్తిరింతుము? కత్తిని ఉంచి చీమలను తీసివేయుదుమా? చిత్రము అట్లు చీలదు. తెరపై ఉన్నది ఒక్క కల. అది మనలను కలవరపరచినదా లేదా అనునదే విమర్శకుడు అడుగదగిన ప్రశ్న.

ఇక మన ఇంటికి వత్తము. విజయా వారి ‘మాయాబజార్’ 1957లో వెలువడినది. దర్శకుడు కె. వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఇది అధివాస్తవిక చిత్రము కాదు. ఇందు ప్రతి మాయకును కథలో కారణము కలదు. అయినను ఎగిరి నోటబడు లడ్డులకు, తనంత తాను చుట్టుకొను కంబళికి కలల పోకడ ఉన్నది. వీనియన్నిటికంటె మించినది సావిత్రి అభినయము. శశిరేఖ రూపున ఉన్న ఘటోత్కచునిగా ఆమె ఒకే ముఖమున కన్నెపిల్ల సిగ్గును, రాక్షసుని మదమును క్షణక్షణము మార్చి చూపినది. పెండ్లిపీటలపై లక్ష్మణకుమారుని కాలు త్రొక్కు ఘట్టమున నవ్వనివారు అరుదు.

అయితే 2018లో ‘మహానటి’ వెలువడిన పిదప, ఆ ఘట్టమునందును ‘పాపము!’ అని నిట్టూర్చువారు కొందరున్నారు. ఆమె 1981 డిసెంబరు 26న ఈ నగరముననే కన్నుమూసినది. ఆమె కడగండ్లకు జాలిపడుట మంచిదే. కాని 1957 నాటి శశిరేఖ 1981ని ఎరుగదు. నిందవలెనే జాలియు తీర్పును చెఱచును. ఆమె నేర్పును మరుగుపరచు కన్నీరు ఆమెకు మరియొక అన్యాయమే.

అట్లని కళాకారుడు ఏమి చేసినను చెల్లునని నా వాదము కాదు. గుమాస్తాగిరిలో నేర్చిన నియమ మొకటి కలదు: ఒక ఖాతా ఖర్చును వేరొక ఖాతాలో వ్రాయరాదు, కాని ఆ ఖాతా ఖర్చును దాచియు ఉంచరాదు. అదే బున్యుయేల్ 1933లో స్పెయిన్ దేశపు నిరుపేద పల్లెలను గూర్చి ‘రొట్టె లేని నేల’ అను చిత్రము తీసెను. అందు మేక యొకటి కొండపైనుండి జారిపడినట్లు వ్యాఖ్యానము చెప్పును; తెర అంచున మాత్రము తుపాకి పొగ కనబడును. ఆ మేక ప్రాణము చిత్రపు ఖాతాలోనిదే. చిత్రము కొరకు నటులను, పనివారలను హింసించినను అంతే. ఇంటి తప్పులకు ఇరుగుపొరుగులు, నేరములకు న్యాయస్థానములు ఉన్నవి. అవి వేరు ఖాతాలు.

‘మాయాబజార్’లో ప్రియదర్శిని యను పెట్టె కలదు. తెరచినవారికి తమ మనస్సున ఉన్నదే అందు కనబడును.  విన్న కథలను మోసికొనిపోయి తెర ముందు కూర్చుండువారికి తెరయు ప్రియదర్శినియే యగును. మన పిల్లలకు పాత చిత్రములు చూపునపుడు, నటుల కథలు ముందుగా చెప్పకుందుము. వారిని మొదట నవ్వనిత్తము.