కొరమీను గద్ద కాపురం

మే నెల సాయంత్రం అయిదున్నరకి కొత్తపట్నం ఒడ్డున ఎండ చల్లబడుతుంది. ఆ వేళకే అమెరికాలో, మోంటానా రాష్ట్రపు మిజూలా పట్నంలో తెల్లవారుతుంది. ఫోనులో ప్రత్యక్ష ప్రసార కెమెరా తెరిస్తే అక్కడి హెల్‌గేట్ దగ్గర ఎత్తయిన స్తంభం మీద కొరమీను గద్ద గూడు కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఆస్ప్రే అంటారు. మా తీరానికి అది చలికాలపు చుట్టం. నీళ్ళ మీద చేపలు పట్టుకుంటూ కొన్ని నెలలుండి, ఎండలు ముదిరేసరికి ఉత్తరానికి వెళ్ళిపోతుంది. దాని వేట చూశాం గానీ కాపురం చూడలేదు. ఆ కొరత తీర్చింది ఈ కెమెరానే.

గూటిని కనిపెట్టుకుని కూర్చోవడం కెమెరాల కంటే పాత పని. బ్రిటన్‌లో తుపాకులకీ, గుడ్లు పోగుచేసేవాళ్ళకీ బలై కనుమరుగైన ఈ పక్షి 1954లో స్కాట్లండ్‌లోని లాఖ్ గార్టెన్ దగ్గర మళ్ళీ గూడు పెట్టింది. చోటు రహస్యంగా ఉంచి కాపలా కాశారు. అయినా 1958లో ఒక రాత్రి దొంగ చెట్టెక్కి గూడు దోచాడు. మరుసటి ఏడు పక్షి సంరక్షకుడు జార్జ్ వాటర్‌స్టన్ దాచడం మానేసి, దూరం నుంచి చూడమని జనాన్నే పిలిచాడు. వేలమంది వచ్చారు. నలుగురి కళ్ళూ పడితే దిష్టి అంటాం మనం. ఆ గూటికి నలుగురి కళ్ళే కావలి అయ్యాయి. ఇవాళ్టి కెమెరాలన్నిటికీ మూలం ఆ నిర్ణయమేనని నా నమ్మకం.

చూడటానికీ ఒక పద్ధతుంది. ముందు ఎవరెవరో గుర్తుపట్టాలి. ఆడది కాస్త పెద్దది. రొమ్ము మీది గోధుమరంగు పట్టీ సాధారణంగా దానికే ముదురు. కాలికి రింగుంటే దాని మీది అక్షరాలు చదవచ్చు. లేకపోతే తల మీది చారలు, కంటి పసుపు వలయంలోని చుక్కలు పోల్చుకోవాలి. తొలి గుడ్డు తేదీ రాసుకోవాలి. రెండు మూడు రోజుల ఎడంతో మామూలుగా మూడు గుడ్లు పెడుతుంది, పొదగడానికి సుమారు 37 రోజులు. పిల్లలూ ఆ వరసలోనే పుడతాయి. చేప చాలని రోజున పెద్దది తింటుంది, చిన్నది తల దించుకుని పడుంటుంది. అందుకే చేయి తిరిగినవాళ్ళు ముందు చేపల లెక్క రాస్తారు: తండ్రి ఎన్నింటికి తెచ్చాడు, ఏ చేప, ఎంత మిగిల్చి తెచ్చాడు. తండ్రి తరచూ తలభాగం తాను తిని మిగతాది గూటికి తెస్తాడు. తల్లి గోరంత ముక్కలు చీల్చి ఒక్కొక్క నోటికీ అందిస్తుంది. వానొస్తే రెక్కలు చాపి గొడుగవుతుంది. ఏడెనిమిది వారాలకి పిల్లలు ఎగురుతాయి.

అన్ని గూళ్ళూ అక్కడిదాకా రావు. హెల్‌గేట్ ఆడపక్షి ఐరిస్ 2018లో ఒక పిల్లను ఎగరేసింది. దాని అప్పటి జోడు లూయీకి దగ్గర్లోనే ఇంకో గూడుండేది. చేపలు అటు పోయేవి. తర్వాతి ఏళ్ళలో ఐరిస్ ఆకలికి తానే వేటకెళ్తే, ఖాళీ గూటి మీద బొంతకాకులు పడేవి. కడుపు తరుక్కుపోయేది. అయినా ఎవరూ నిచ్చెన వేయలేదు. అడవి పెట్టిన కష్టంలో మనిషి వేలు పెట్టకూడదన్నది అక్కడి నియమం, నాకూ సబబే అనిపిస్తుంది.

మనిషి పెట్టిన కష్టం వేరు. మోంటానాలో గడ్డిమోపులు కట్టే ప్లాస్టిక్ తాళ్ళని ఈ పక్షులు మెత్తగా ఉన్నాయని గూట్లో పరుచుకుంటాయి. అవి పిల్లల కాళ్ళకి చుట్టుకుని ప్రాణం తీస్తాయి. అక్కడి పరిశోధకులు గూటిదాకా ఎక్కి వాటిని కోసేస్తారు, పొలాల్లో తాళ్ళు ఏరెయ్యమని రైతులకు చెబుతారు. అంతకు ముందు తరానికి డీడీటీ ముప్పు. చేపల్లోంచి ఒంట్లో చేరి గుడ్డు పెంకును పలచన చేసింది. పొదగబోతే తల్లి బరువుకే గుడ్డు చితికేది. 1972లో అమెరికా దాన్ని నిషేధించాకే ఈ జాతి తేరుకుంది. పత్తికీ మిరపకీ మందు మీద మందు కొట్టిన నేల మాది. ఆ సంగతి మాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మూడు వేసవులు ఆ గూటి ముందు కూర్చున్నాను. మా ఒడ్డుకొచ్చేవి మోంటానా పక్షులు కావు, ఉత్తరాసియావి. అయినా ఇప్పుడు దుర్భిణి ఎత్తగానే రొమ్ము పట్టీ చూస్తాను. చేపని తల ముందుకు తిప్పి పట్టుకుందా, బయటి వేలు వెనక్కి తిప్పి బిగించిందా చూస్తాను. మొన్న మాఘంలో సరుగుడు కొమ్మ మీద వాలినదాని కాళ్ళు చాలాసేపు చూశాను. రింగు లేదు. దారం పోగూ లేదు. ఆ చెట్టు కిందే, ఇసకలో సగం పూడి, చిరిగిన నైలాన్ వల ముక్క ఉంది. అది ఎగిరిపోయేదాకా ఆగి, వెళ్ళి లాగాను. నేననుకున్న దానికంటే చాలా పొడుగుంది.