గదకు తగిన వేషగాడు

ఆన్‌లైన్ ఆటల్లో పాత్ర స్వభావానికి తగిన ‘క్లాస్’ను, అంటే పోరాట పద్ధతిని, ఎంచుకునే నేర్పు చిత్తూరు ప్రాంతపు ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లలో జరిగే మహాభారత ఉత్సవాలకు కొత్తది కాదు. పగలు హరికథగా విన్న ఘట్టాన్నే రాత్రి వీధినాటకంగా ఆడే ఈ ఉత్సవాల్లో అర్జునుడికి విల్లు, భీముడికి గద ఇతిహాసమే ఇచ్చినా, ఆ ఆయుధానికి ఒదిగే మనిషిని పట్టుకోవడం నాటక గురువు పనితనం. అర్జునుడి తపస్సు నాడు ఎత్తయిన మానెక్కి, పద్యం తప్పకుండా పాడుతూ, కింద చేరిన భక్తులకు నిమ్మకాయలు, విభూతి విసిరేవాడికి కండబలం కన్నా నిబ్బరం ముఖ్యం. దుర్యోధన వధ నాడు నేలమీద పరుండబెట్టిన భారీ మట్టిబొమ్మ చుట్టూ తిరుగుతూ జనాన్ని ఉడికించే భీముడికి గొంతూ దమ్మూ రెండూ కావాలి. నిజానికి కష్టమైన వేషం ఇదే, ఎందుకంటే బొమ్మ తొడ మీద దెబ్బ తొందరపడి పడితే, ఆపైన ద్రౌపది జుట్టు ముడివేసుకునే ఘట్టం తేలిపోతుంది.