నిలబడే చోటు

గోల్కొండ కోట పైనుంచి చూస్తే కుతుబ్‌షాహీ గుంబజుల వెనక, రాయదుర్గం వైపు అద్దాల మేడలు కనిపిస్తాయి. గుంబజు వంపునూ మేడ నిట్టనిలువు గీతనూ ఒకే చట్రంలో పట్టే ఫోటోగ్రాఫర్‌ది గొప్ప పనితనం. కట్టినవాళ్లు వేరే కదా, ఇతని ఘనతేమిటని అడగొచ్చు. కానీ 1687లో గోల్కొండ పతనమయ్యేనాటికే నిలిచి ఉన్న గుంబజులకూ, నిన్నమొన్నటి మేడలకూ ఉన్న పొత్తు ఏ నక్షాలోనూ లేదు. అతను ఎంచుకున్న చోటులోనే ఉంది. పది గజాలు జరిగితే ఆ గీత గుంబజును మధ్యకు కోసేస్తుంది. కెమెరా పైకెత్తితే మేడ వెనక్కి వాలినట్టు పడుతుంది. అందుకే ఎత్తైన చోటు వెతుక్కుని కెమెరాను మట్టంగా నిలుపుతాడు.

టెలిఫోటో లెన్సు దూరాలను దగ్గర చేసి అబద్ధమాడుతుందన్న ఆక్షేపణ నిలవదు. అక్కడే నిల్చున్న కంటికీ అవే నిష్పత్తులు. లెన్సు చుట్టుపక్కలను తీసేస్తుంది, అంతే. సాయంత్రపు ఏటవాలు వెలుగులో గచ్చు మీద నీడ మెల్లగా జారుతుంది, అద్దం మాత్రం ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ క్షణం కోసమే అతను కాచుకుని ఉంటాడు.