భీంకు అక్షరాలు నేర్పిందెవరు?

నాకు సినిమా పిచ్చి ఉంది. ఆ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత ఎవరూ 'సారుకు సినిమాలంటే పడదు' అనకుండా. 2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చినప్పుడు మేం ముగ్గురు టీచర్లం బైకుల మీద పట్నం పోయి మొదటి వారంలోనే చూశాం. లారీలోంచి పులులు దూకే చోట నేనూ ఈల వేశాను. సుద్దాల అశోక్‌తేజ రాసిన పాటలో భీం కొరడా దెబ్బలు తింటూ కూడా మోకాలు వంచడు. అక్కడ నా పక్కనున్న సారు కళ్లు తుడుచుకున్నాడు. మన భీం పేరు అంత పెద్ద తెర మీద వింటే ఎవరికి పొంగదు?

పోయినేడు భీం వర్ధంతికి ముందు ఎనిమిదో తరగతి పిల్లలకు ఆయన గురించి పది వాక్యాలు రాయమన్నాను. ఒక పిల్లవాడు ఇలా రాశాడు: 'భీంకు చదువు రాదు. అల్లూరి సీతారామరాజు ఆయనకు చదువు చెప్పాడు.' వాడి ఇంటిపేరు కూడా కుమ్రమే. ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. వాడు కాపీ కొట్టలేదు. టీవీలో చూసిందే రాశాడు.

ఆ సీను మీకూ గుర్తుండే ఉంటుంది. అంతా అయిపోయాక రామ్ 'నీకేం కావాలి' అంటాడు, భీం చదువు అడుగుతాడు. రామ్ జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాస్తాడు. ఏ మాటలతో భీంను ఇవాళ తలుచుకుంటామో, ఆ మాటలే ఇంకొకరి చేతిరాతలో ఆయన చేతికి వస్తాయి!

కల్పన కదా అంటారు. ఒప్పుకుంటాను. రామరాజు 1924లోనే చనిపోయాడు, జోడేఘాట్ పోరు 1940 నాటిది. ఆ ఇద్దరినీ స్నేహితులను చేయడం దర్శకుడి ఇష్టం, నాకు పేచీ లేదు. నా పేచీ ఇంకోచోట ఉంది. అదే సినిమాలో రామ్‌ను పాము కాటేస్తే భీం మందు పెట్టి బతికిస్తాడు. దెబ్బలు తిన్న కాళ్లను ఆకు పసరుతో నిలబెడతాడు. మరి అది చదువు కాదా? ఏ ఆకు ఏ నొప్పికో తెలిసినవాడు చివర్లో ఏమీ రానివాడిలా ఎందుకు నిలబడాలి? సినిమా ఆ విద్యను చూపిస్తుంది కానీ విద్య అని పిలవదు. మన బళ్లు కూడా అంతే కదా, నాతో సహా.

భీం అక్షరాల కథ వేరు. ఊరు వదిలి చాందాకు పోయి, విఠోబా అనే ఆయన ప్రెస్సులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చాడనీ, అక్కణ్నుంచి అస్సాం తేయాకు తోటలకు పోయాడనీ మన పెద్దలు చెబుతారు. ఎవరో దయతో ఇచ్చిన అక్షరాలు కావవి, కూలి చేస్తూ నేర్చుకున్నవి.

ఇంకో మాట. భీం నేలకొరిగాకే నిజాం సర్కారుకు మన గూడేలు కనబడ్డాయి. హైమెన్‌డార్ఫ్‌ను పంపారు, 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు వచ్చాయి. నేను టీచర్ ట్రైనింగ్ చేసినప్పుడు మార్లవాయి పేరు ఎవరూ చెప్పలేదు. తర్వాత నేనే చదివి తెలుసుకున్నాను.

అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమరం భీం' థియేటర్‌కు రావడానికి 2010 దాకా పట్టింది. దాంట్లో పులులు దూకవు, మా పిల్లలు పది నిమిషాలకే లేచిపోతారు. వాళ్లను తిట్టను. అల్లం రాజయ్య, సాహు రాసిన నవల మాత్రం పెద్ద పిల్లలతో చదివిస్తున్నాను, మెల్లగా నడుస్తోంది. 'జై భీమ్' చివర్లో లాయరు పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపర్ పట్టుకునే పాప మా ఆడపిల్లలకు బాగా నచ్చింది. అక్కడా కాపాడేది బయటి లాయరే, అయినా ఆ పాప కూర్చున్న తీరు వేరు.

ఆ పిల్లవాడి పేపర్ మీద మార్కు వేయలేదు. ఇంట్లో తాతను అడిగి రమ్మన్నాను. రెండు రోజులకు వచ్చి, 'తాత కూడా చాందా అనే అన్నాడు సార్' అన్నాడు. కాసేపు నిలబడి, 'మరి ఆ సీను ఎందుకు పెట్టిన్రు సార్?' అన్నాడు.

క్లాసంతా కలిసి మళ్లీ చూద్దామన్నాను. తీరా చూస్తే టీవీ రిమోట్ ఉన్న బీరువా తాళం హెడ్మాస్టరు జేబులో ఉంది, ఆయన మీటింగుకు పోయాడు.