పాటకు కథెందుకు?

దసరా సెలవులకు బెంగళూరు నుంచి మా తమ్ముని కొడుకు గిటార్ భుజాన వేసుకుని దిగినాడు. పొద్దున కాఫీ మొదలు రాత్రి మజ్జిగన్నం దాకా ఒకటే వాయింపు. అదీ ఒకటే ముక్క. మూడు దెబ్బలు, ఆగి నాలుగు, ఆగి అయిదు, మళ్ళీ మొదటికి.

"ఏందిరా అబ్బీ, దానికి పల్లవీ చరణమూ ఏమీ లేవా?"

"డీప్ పర్పుల్ పాట పెదనాయనా. దీని వెనక పెద్ద కథే ఉంది."

కథ అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా పాత పేచీ తెలిసిందే. పాట బాగుంటే కథెందుకు? బాగాలేకుంటే కథ ఏం కాపాడుతుంది? కవి అలిగిపోయినాడంట, అర్ధరాత్రి కారులో పల్లవి తట్టిందంట! యూట్యూబ్ నిండా ఇవే. పాట వినేవాళ్ళకంటే దాని పురాణం వినేవాళ్ళే ఎక్కువైనారు.

నేను వద్దన్నా వాడు చెప్పకుండా వదల్లేదు. 1971 డిసెంబరు 4. స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రూ ఊరు. అక్కడి కాసినోలో ఫ్రాంక్ జప్పా బృందం కచేరీ. అది అయిపోతే చలికాలానికి కాసినో మూసేస్తారు. ఖాళీ అయిన ఆ హాల్లోనే రికార్డింగు పెట్టుకుందామని ఇంగ్లండు నుంచి డీప్ పర్పుల్ వాళ్ళు వచ్చినారు. రోలింగ్ స్టోన్స్ వాళ్ళ రికార్డింగు లారీని కూడా మాట్లాడుకున్నారు. కచేరీ మధ్యలో ఎవడో ఫ్లేర్ గన్ను పైకప్పులోకి పేల్చినాడు. భవనం మొత్తం కాలిపోయింది. ప్రాణాలు మాత్రం పోలేదు. కచేరీలు జరిపించే క్లాడ్ నాబ్స్ స్వయంగా పిల్లల్ని బయటికి లాగినాడు. సరస్సు మీద పరుచుకున్న పొగను డీప్ పర్పుల్ వాళ్ళు హోటల్ నుంచి చూసినారు. కొన్నాళ్ళకు బేస్ గిటార్ వాయించే రోజర్ గ్లోవర్ నిద్రలేస్తూ అన్న మాటే పాట పేరైంది: 'స్మోక్ ఆన్ ద వాటర్'. మత్తుమందు పాట అనుకుంటారేమోనని మొదట జంకినారు కూడా.

తర్వాత పావిలియన్ అనే థియేటరుకు మారినారు. ఆ మోతకు చుట్టుపక్కలవాళ్ళు పోలీసులను పిలిపించినారు. సామాను మోసేవాళ్ళు తలుపులు అదిమి పట్టుకుంటే లోపల వాయింపు పూర్తయింది. మిగిలిన పాటలన్నీ చలికాలానికి మూతపడిన గ్రాండ్ హోటల్లో, వరండాలకు పరుపులు అడ్డం పెట్టి చేసుకున్నారు. 1972లో 'మెషీన్ హెడ్' ఆల్బమ్ వచ్చింది. ఈ పాట మీద వాళ్ళకే నమ్మకం లేదు, ముందు సింగిల్‌గా వదిలింది ఇంకోటి. 1973లో దీన్ని వదిలితే అమెరికాలో నాలుగో స్థానం దాకా పోయింది.

వాని పక్కన కూర్చుని స్వరం కట్టి చూసినా. స గ మ, స గ మ మ, స గ మ గ స. గాంధారం సాధారణం. రెండో వరుసలో ప్రతిమధ్యమం తాకి శుద్ధమధ్యమానికి దిగుతుంది. రెండు మధ్యమాలు అట్లా ఒరుసుకోవడం మన కచేరీలో అరుదు. ఇక్కడ పాటకు ప్రాణమంతా ఆ రాపిడిలోనే ఉంది. మొత్తం పన్నెండు దెబ్బలు, నాలుగే స్వరస్థానాలు. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ప్రతి స్వరానికీ రెండు తీగలను కలిపి వేళ్ళతో లాగుతాడు. మావాడు ప్లాస్టిక్ ముక్కతో గీకుతున్నాడు, అందుకే ఆ గరగర.

సాహిత్యం వాని దగ్గర అడిగి చదివినా. ఆశ్చర్యం, అది వార్త! ఊరు పేరు, సరస్సు, జప్పా, ఫ్లేర్ గన్ను, క్లాడ్, లారీ, హోటల్ అన్నీ అందులోనే ఉన్నాయి. మా ఊరి విలేకరి జిల్లా ఎడిషన్‌కు పంపే వార్త మాదిరి ఉంది. వెనక కథ అంటూ ఏమీ మిగల్లేదు, అంతా ముందే చెప్పేసినారు. నా పేచీ గెలిచిందనుకున్నా.

అప్పుడు గుర్తొచ్చింది పుట్టపర్తి నారాయణాచార్యులు గారి 'శివతాండవం'. మా ఊరి అగస్త్యేశ్వరస్వామి గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ రాసినారని ప్రొద్దుటూరులో చెప్పని వాళ్ళు లేరు. చెప్పేవాళ్ళలో ముందు వరుస నాదే. ఆయన పన్నెండేళ్ళప్పుడు రాసిన 'పెనుగొండ లక్ష్మి' తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకే పాఠ్యపుస్తకమై కూర్చున్న ముచ్చటనైతే ఈ కాలమ్‌లోనే ఎన్నిసార్లు రాసినానో! చిన్నప్పుడు పెనుగొండలో నాట్యం నేర్చిన మనిషి ఆయన. శివతాండవం బయటికి చదివితే తెలుస్తుంది, అడుగు పడే చోటే మాట విరుగుతుంది. గుడి చుట్టూ నడిచే కాళ్ళ లయ అందులో ఉందని నాకు గట్టి నమ్మకం. ఆ ప్రదక్షిణల కథే తెలియకుంటే ఆ నమ్మకం నాకు కలిగేదా?

అంత గొప్ప కావ్యంలో ప్రొద్దుటూరు పేరు మాత్రం లేదు. గుడి పేరూ లేదు. ఉన్నది శివుడు, ఆయన ఆట. మాంట్రూ పేరును పాటే లోకమంతా మోసింది. అయినా ఆ ఊరివాళ్ళు సరస్సు ఒడ్డున ఆ స్వరాలతో స్మారకం నిలబెట్టుకున్నారు. మన ఊరిని శివతాండవం మోయదు. ఆ కథను మనమే మోయాలి, చెప్పిందే చెప్పి విసిగించైనా సరే. పాటకు కథెందుకని ఇన్నాళ్ళూ రాసిన చేత్తోనే ఇది రాస్తున్నా.

ఇంట్లో గిటార్ పట్టిన పిల్లలుంటే ఈ కార్తీకంలో ఒక సోమవారం శివాలయానికి పిల్చుకుపోండి. ప్రదక్షిణ చేస్తూ శివతాండవం గట్టిగా చదివించండి. తాళం తప్పితే నడక సరిచేయండి.