టర్బోపై నింద వేసే ముందు

ఎస్. రాయవరం మండలం అడ్డరోడ్డు దగ్గర జాతీయ రహదారి వదిలి, కోటవురట్ల మీదుగా నర్సీపట్నం చేరి, అక్కడి నుంచి లంబసింగి ఘాట్ ఎక్కే పాత టర్బో డీజిల్ వ్యాన్లను పట్టే జబ్బు ఒకటుంది. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ హుషారుగా మోగుతుంది. ఖాళీగా ఊళ్లో తిరిగినంతసేపూ ఏ లోపమూ తెలియదు. జనం నిండా ఎక్కి, పైన సామాను కట్టి, ఎత్తు మొదలయ్యాక మాత్రం బండి లాగదు. మూడో గేరులో పోవాల్సిన చోట రెండో గేరు అడుగుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల వినిపించే తీర్పు ‘టర్బో పోయింది’. ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే. అయినా విచారణ దానితో మొదలుకాకూడదని నా వాదన. ఒత్తిడి పుట్టినప్పుడే బయటపడే లోపాన్ని ఒత్తిడిలోనే చూడాలి, కొలిచి చూడాలి. టర్బో వంతు ఆ తర్వాతే రావాలి.

కారణం ఆ యంత్రం పనితీరులోనే ఉంది. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో ఇంజిన్‌లోకి గాలి దట్టించడం స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో పేటెంటు పొందిన ఆలోచన. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. కానీ బండి నిలబడి ఉన్నప్పుడు, లోడు లేనప్పుడు, పొగలో అంత శక్తే ఉండదు. ఇంజిన్‌లోకి గాలి పంచే మానిఫోల్డులో గాలి ఒత్తిడి బయటి గాలికి దాదాపు సమానంగానే ఉంటుంది. అలాంటప్పుడు, దట్టించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్‌లో చిన్న చీలిక ఉన్నా దాని పెదవులు మూసుకునే ఉంటాయి. లోడు పడి ఒత్తిడి 0.8 బార్ దాకా ఎక్కబోయేసరికి ఆ చీలిక తెరుచుకుంటుంది, దట్టించిన గాలి బయటికి పోతుంది. టర్బోకు ముందుండే మెత్తబడ్డ రబ్బరు గొట్టం ఇందుకు విరుద్ధంగా, గాలి గట్టిగా పీల్చుకునేటప్పుడు లోపలికి అణిగిపోయి దారి మూసేస్తుంది. ఈ రెండూ షెడ్డులో బానెట్ ఎత్తి చూసే కంటికి కనబడవు. నిలబడి ఉన్న బండి నిర్దోషిలా కనిపించడంలో వింతేమీ లేదు. ఆ క్షణంలో దానికి నిజంగానే లోపం లేదు.

అందుకే మానిఫోల్డు దగ్గరున్న సన్న గొట్టంలో ఒక టీ-ముక్క పెట్టి, ప్రెషర్ గేజిని లోపల సీటు దాకా తెచ్చుకోవడం మొదటి పని. మామూలుగా మోసే బరువుతోనే, రద్దీ లేని రోడ్డు మీద, పై గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. గేజి చదవడానికి పక్కన మరో మనిషి ఉండాలి, డ్రైవరు చూపు రోడ్డు మీదే ఉండాలి. ఇంజిన్ చప్పుడు పెరుగుతూ వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం. చక్రాలు పట్టేసి వేడెక్కుతుంటే బ్రేకుల గొడవ. వీటిని పక్కన పెట్టాక గేజి, పొగ రెండూ కలిపి చదవాలి. గేజి ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. డీజిల్ తక్కువ కాలితే పొగలో వేడి తగ్గుతుంది, దాంతో టర్బో తిరగడమూ తగ్గుతుంది. అంటే ఇంధనం కొరత కూడా గేజి మీద గాలి కొరతలాగే కనిపిస్తుంది. పాత మెకానికల్ పంపు ఉన్న బండిలో ఈ చిక్కుముడిని పొగ విప్పుతుంది. ఒత్తిడి తక్కువగా ఉండి నల్ల పొగ దండిగా వస్తుంటే డీజిల్ అందుతోంది, గాలి అందడం లేదు. ఒత్తిడి తక్కువ, పొగ కూడా లేదంటే డీజిల్ వైపు చూడాలి: మూసుకుపోయిన ఫిల్టరు, గాలి పట్టిన లైను, లేదా మానిఫోల్డు ఒత్తిడిని బట్టి డీజిల్ పెంచడానికి పంపు నెత్తిన ఉండే పల్చటి పొర చిరగడం. ఆ పొర చిరిగితే టర్బో నిక్షేపంలా ఉన్నా బండి లాగదు, చుక్క పొగ కూడా రాదు. డీజిల్ లైనులో కాసేపు లోపల కనిపించే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే గాలి బుడగలు కంటికే తెలుస్తాయి.

గాలి వైపే లోపమని తేలితే, ఫిల్టరు డబ్బా నుంచి మానిఫోల్డు దాకా గాలి నడిచే దారినే మనమూ నడవాలి. హోస్ అతుకుల దగ్గర నూనె తడికి దుమ్ము అంటి నల్లటి మరక కట్టిందంటే గాలి అక్కడి నుంచి పోతోందనడానికి మంచి ఆనవాలు. టర్బో మూతికి బిరడా బిగించి, దానికి టైరు వాల్వు అమర్చి, పంక్చరు షాపు గాలి పట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు పోస్తే నురగ చెబుతుంది. ఇక్కడ జాగ్రత్త కావాలి. ఆ కంప్రెసర్‌లో ఉండే ఒత్తిడి టర్బో ఇచ్చేదానికి ఎన్నో రెట్లు. టర్బో ఇచ్చేదాన్ని మించి ఎక్కించకూడదు. ఒత్తిడి మించకుండా పొగను టర్బో పక్కనుంచి వదిలే వేస్ట్‌గేట్ యాక్చుయేటర్‌కు చేతి పంపుతో గాలి కొట్టి కడ్డీ కదులుతోందా, వదిలితే పూర్తిగా మూసుకుంటోందా చూడాలి. ఆఖరున టర్బో ఇరుసు. అది నూనె పొర మీద తేలే ఇరుసు కాబట్టి పక్కలకు కాస్త ఊగడం సహజం. ఆ ఊపునే చూపించి టర్బో అయిపోయిందనడం నన్ను చాలా బాధపెట్టే విషయం, ఎందుకంటే మంచి టర్బోలు ఎన్నో ఈ ఒక్క పరీక్షతోనే తుక్కులో చేరతాయి. ఇరుసు ముందుకూ వెనక్కూ ఆడుతోందా, రెక్కలు గూటికి రాసుకున్న గీతలున్నాయా అన్నవే అసలు సాక్ష్యాలు. హోస్ లోపల పల్చటి నూనె తడి కూడా నేరం కాదు. ఇంజిన్ శ్వాస గొట్టం నుంచి కొంత నూనె ఆవిరి అటే వస్తుంది.

ఘాట్ ఎక్కితే గాలి పల్చబడుతుంది, బండి బలం తగ్గడం మామూలే కదా అనేవాళ్లున్నారు. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తు. అక్కడి గాలి ఒత్తిడి ఎస్. రాయవరం తీరంలో ఉండేదానికంటే పదో వంతు తక్కువ. టర్బో లేని ఇంజిన్‌కు అది దాదాపు అంత నష్టమూ తెస్తుంది. టర్బో 0.8 బార్ కలిపే బండికి కింద మొత్తం 1.8 బార్ అయితే పైన 1.7 అవుతుంది, అంటే 6 శాతం లోపే. గేరు దింపుకోవాల్సినంత నీరసానికి ఈ లెక్క చాలదు. అనుభవమున్న మెకానిక్ చెవికి గేజి ఎందుకన్నది ఇంకో మాట. ఆ చెవిని నేను గౌరవిస్తాను; చీలిక నుంచి గాలి తన్నే బుస్సుమనే చప్పుడును అది చాలామంది కంటే ముందే పడుతుంది. అయితే ఆ చెవి షెడ్డులో ఉంటే, చప్పుడు ఘాట్ మీద ఉంటుంది. కామన్ రైల్ బండ్లకు స్కానర్ ఉందిగా అంటే, ఉంది, వాడాలి కూడా. ఆ బండ్లలో పొగ సాక్ష్యం అంత సూటిగా ఉండదు. ఒత్తిడి తగ్గినట్టు సెన్సర్ చెబితే కంప్యూటరే డీజిల్ కోసేస్తుంది. కానీ ‘ఒత్తిడి తక్కువ’ అనే కోడ్ వస్తే అది లక్షణం పేరే, కారణం పేరు కాదు. స్కానర్‌లో ముందు చూడాల్సింది ఇంజిన్ ఆపి తాళం తిప్పినప్పుడు మానిఫోల్డు సెన్సర్ చూపే అంకె. తీరం దగ్గర అది 1000 మిల్లీబార్ దరిదాపుల్లో ఉండాలి. లేకపోతే తర్వాత చూపే అంకెలేవీ నమ్మదగ్గవి కావు.

అన్నిటికంటే గట్టిగా ఎదిరించాల్సిన అలవాటు పంపు పెంచడం. బండి లాగడం లేదనగానే స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ వదిలితే రెండు రోజులు పికప్ వచ్చినట్టే ఉంటుంది. గాలి అప్పటికే తక్కువైన ఇంజిన్‌లో అదనపు డీజిల్ పూర్తిగా కాలదు. నల్ల పొగ అవుతుంది, వేడి అవుతుంది. ఆ వేడి పిస్టన్ తలను, టర్బో గూటిని తింటుంది. కొద్దిపాటి ఖర్చుతో తీరే హోస్ లోపం ఇంజిన్ విప్పే దాకా వెళ్లే దారి ఇదే.

రోజు కిరాయి మీద బతికే బండికి ఇన్ని పరీక్షల తీరిక ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. బండి ఆగితే ఆ రోజు ఇంట్లోకి డబ్బు రాదు. కానీ గేజి పరీక్షకూ సబ్బు నీళ్లకూ కలిపి ఒక పూట చాలు. టర్బో విప్పి, మరొకటి తెప్పించి బిగించేందుకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది, తప్పుగా మారిస్తే ఆ కాలమంతా మళ్లీ మొదటికి వస్తుంది. పరీక్షలన్నీ అయ్యాక టర్బోయే దోషి అని తేలితే మార్చక తప్పదు. అప్పుడు కూడా పాతది ఎందుకు పోయిందో అడగాలి. నూనె తెచ్చే సన్న గొట్టంలో మసి గడ్డకట్టిందా, నూనె తిరిగి దిగే గొట్టం నొక్కుకుపోయిందా చూసి, శుభ్రం చేసి, కొత్త ఆయిలూ ఫిల్టరూ వేశాకే కొత్త టర్బో బిగించాలి. బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేసేముందు, డీజిల్ అందకుండా ఆపి, నూనె ఇరుసు దాకా చేరేలా సెల్ఫ్ కొట్టి తిప్పాలి.